‘నేనే గొప్ప’ అనే జబ్బు – దానికి చికిత్స

(ఉగాది వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, “సాబ్, మీరు మెడికల్ కోర్ వారు కదా, ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి” అన్నారు. షుగరు, బీపీ గురించి చెబుతానని అనుకొని ఉంటారు. అవి ప్రతి ఏడాదీ చెబుతూనే ఉన్నాం, మీరు వింటూనే ఉన్నారు, విన్నాక అందరం కలిసి బూరెలు తింటూనే ఉన్నాం. ఈసారి వేరే జబ్బు గురించి చెబుతాను. ఇది రక్తపరీక్షలో కనపడదు. ఉన్నవాడికి తనకుందని తెలియదు. ఇంట్లోవాళ్లకి మాత్రం బాగా తెలుస్తుంది.

ముందు నా సంగతి. నేను ఇంటర్మీడియెట్ వరకే చదివాను. మాది గిద్దలూరు దగ్గర పల్లె. 1990లో సైన్యంలో చేరి, లక్నో ఎ.ఎం.సి. సెంటర్లో ట్రైనింగ్ చేసి, నర్సింగ్ అసిస్టెంటుగా మొదలుపెట్టి 2020లో సుబేదారుగా రిటైరయ్యాను. ఆ ముప్పై ఏళ్లలో ఏడేళ్లు మిలిటరీ ఆసుపత్రుల సైకియాట్రీ వార్డుల్లో గడిచాయి. నేను డాక్టరును కాను. డాక్టర్ల పక్కన నిలబడి చూసినవాణ్ణి, ఆ తరువాత సొంత మనిషి విషయంలో తప్పు చేసి నేర్చుకున్నవాణ్ణి. ఆ తప్పు ఈరోజు మీ అందరి ముందు ఒప్పుకోవాలనే ఈ విషయం ఎంచుకున్నాను.

నాకొక మిత్రుడున్నాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద, అన్నా అని పిలుస్తాను. సర్వీస్ కోర్‌లో పనిచేసి జె.సి.ఓ.గా పెన్షన్‌కు వచ్చాడు. పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. మాట్లాడమని అనుమతి ఇచ్చింది మాత్రం ఆయనే. “నా పేరు తప్ప అన్నీ చెప్పు” అన్నాడు.

ఆయన మంచి మాటకారి. ఎక్కడికెళ్లినా మొదటి వరుసలో కూర్చోవాలి. ఎవరి పనైనా కథ చెప్పేటప్పటికి ఆయనదైపోతుంది. రిటైరైన మూడేళ్లలో నాలుగు సెక్యూరిటీ ఉద్యోగాలు వదిలేశాడు. “నిన్నగాక మొన్న పుట్టిన మేనేజరుకు నేను గుడ్ మార్నింగ్ చెప్పాలా?” అనేవాడు. అల్లుడు ఇల్లు కొంటే ఆ ఇంటికి వంద వంకలు పెట్టాడు. వదినకు గర్భసంచి ఆపరేషన్ అయిన రోజు ఆసుపత్రికి వెళితే, ఆయన నాతో అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? “పొద్దున్నుంచి నేను తిన్నానా లేదా అని ఒక్కరూ అడగలేదు తమ్ముడూ.” వదిన మంచం మీద పడుకుని ఆ మాట వింటూనే ఉంది.

దీన్ని డాక్టర్లు నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. మన భాషలో ఆత్మమోహ రుగ్మత అనుకుందాం. నార్సిసస్ అనేవాడు గ్రీకు పురాణ కథల్లో ఒక అందగాడు. నీళ్లలో తన నీడను తానే చూసుకొని మోహించి, అక్కడినుంచి కదలలేక నశించిపోయాడు. 1914లో ఫ్రాయిడ్ దీనిమీద వ్యాసం రాశాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన పుస్తకంలో దీన్ని ఒక రుగ్మతగా చేర్చింది. వాళ్లు 2013లో తెచ్చిన అయిదో ముద్రణలోనూ తొమ్మిది లక్షణాలు ఇచ్చారు. తాను చాలా గొప్పవాణ్ణనుకోవడం, అంతులేని అధికారం, విజయం గురించి పగటికలలు కనడం, తాను ప్రత్యేకం, పెద్దవాళ్లే తనను అర్థం చేసుకోగలరనుకోవడం, ఎప్పుడూ పొగడ్త కావాలనడం, అన్నీ తనకు హక్కుగా రావాలనడం, ఎదుటివాళ్లను వాడుకోవడం, వాళ్ల బాధ పట్టకపోవడం, అసూయ, పొగరు. వీటిలో కనీసం అయిదుండాలి, యౌవనంలోనే మొదలై ఉండాలి, ఇల్లు, ఉద్యోగం, స్నేహం అన్నిచోట్లా కనపడాలి. అప్పుడే ఆ పేరు పెడతారు.

ఇక్కడ మీలో కొందరు నవ్వుకుంటున్నారు. “ఈ లెక్కన మా పాత కంపెనీ కమాండర్‌కు తొమ్మిదీ ఉన్నాయి” అనుకుంటున్నారు గదూ? అందుకే ముందే హెచ్చరిస్తున్నాను. మనకు నచ్చనివాళ్లందరికీ ఈ పేరు తగిలించకండి. సైనికుడికి ఆత్మగౌరవం ఉండాలి. మెడల్స్ చూసి మురిసిపోవడం జబ్బు కాదు, యూనిట్ పేరు చెప్పి ఛాతీ విరవడం జబ్బు కాదు. నిర్ణయించవలసింది సైకియాట్రిస్టు లేక క్లినికల్ సైకాలజిస్టు, అదీ మనిషి జీవితం మొత్తం తరచి చూశాక. ఇంకొక మాట. నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి నిద్ర మానేసి, గొప్పలు చెబుతూ, డబ్బు విరజిమ్ముతుంటే అది ఈ జబ్బు కాకపోవచ్చు. మేనియా కావచ్చు, తలకు తగిలిన దెబ్బ ప్రభావం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మరి ఈ జబ్బు లోపల ఏముంది? పైకి చూస్తే గర్వం. గర్వం ఉన్నవాడు ధైర్యంగా ఉండాలి కదా, చిన్న మాటకే ఎందుకు కాలిపోతాడు? మన నాటకాల్లో మయసభ ఘట్టం అందరం చూసినవాళ్లమే. దుర్యోధనుడికి లేనిదేమిటి? రాజ్యం ఉంది, నూరుగురు అన్నదమ్ములున్నారు. నీళ్లు లేవనుకుని మడుగులో కాలేశాడు, ఎవరో నవ్వారు. అంతే! ఆ ఒక్క నవ్వు లోపల రగిలి రగిలి కురుక్షేత్రం దాకా వెళ్లింది. దుర్యోధనుడికి జబ్బుందని నేననడం లేదు. నవ్వు తగిలిన చోటు చూపిస్తున్నానంతే. ఈ రుగ్మత ఉన్నవాళ్లలో చాలామందికి పైన గొప్ప, కింద సిగ్గు. ‘నేను ఉన్నదున్నట్టుగా ఎవరికీ పనికిరాను’ అనే భయం. ఆ భయాన్ని కప్పడానికి కట్టిన గోడే ఆ గొప్ప.

కారణం ఒక్కటని ఎవరూ తేల్చలేదు. పుట్టుకతో వచ్చే స్వభావం కొంత, పెంపకం కొంత. మా అన్న విషయానికొస్తే, వాళ్ల నాన్న బడిలో ఫస్టు వచ్చినరోజు భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడట. సెకండు వచ్చినరోజు వాకిట్లో నిలబెట్టి, రాత్రి భోజనాలయ్యేదాకా లోపలికి రానిచ్చేవాడు కాదట. పిల్లవాడికి ఏం అర్థమైంది? గెలిస్తేనే ఇంట్లో చోటు అని. పద్దెనిమిదేళ్లకు సైన్యంలోకి వచ్చాడు. ఇక్కడ భుజం మీద రాంకు, ఎదురుపడితే సెల్యూటు. ముప్పై ఏళ్లు గోడ గట్టిగానే నిలబడింది. పెన్షన్ వచ్చిన మర్నాడు పాలప్యాకెట్ల క్యూలో నిలబడితే ఎవరూ పక్కకు జరగలేదు. మనకందరికీ ఆ రోజు కొంచెం కష్టమే, కొన్నాళ్లకు అలవాటు పడతాం. లోపల ఇంకేమీ మిగలనివాడికి మాత్రం అది గోడ కూలిన రోజు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

2022 వేసవిలో ఒక పెళ్లి విందు. ఇరవైమందిమి కూర్చున్నాం, అందరూ మనవాళ్లే. అన్న కార్గిల్ కథ మొదలుపెట్టాడు. 1999లో తాను టైగర్ హిల్ ఎక్కినట్టు, పక్కన ఇద్దరు పడిపోయినట్టు చెబుతున్నాడు. నాకు విసుగొచ్చింది. అంతకుముందు వారమే వదిన గాజులు తాకట్టు పెట్టి ఎవరికో విందు ఇచ్చాడని తెలిసి కోపంగా ఉన్నాను. “అన్నా, నువ్వు టైగర్ హిల్ ఎప్పుడు ఎక్కావు? నువ్వు లారీ తోలావు కదా” అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఆయన ముఖం నల్లబడిపోయింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లిపోయాడు.

రాత్రి పదకొండింటికి వదిన ఫోన్. “తమ్ముడూ, మీ అన్న తలుపేసుకున్నారు. తుపాకీ లోపలే ఉంది.” ఉద్యోగం కోసం కొన్న లైసెన్సు తుపాకీ అది. నేను వెళ్లి తలుపు బయట కూర్చున్నాను. వార్డులో నేర్చుకున్నది ఆ రాత్రి పనికొచ్చింది. వాదించలేదు, బుద్ధులు చెప్పలేదు. “తప్పు నాది అన్నా, అందరి ముందూ అలా అనకూడదు” అన్నదొక్కటే మళ్లీ మళ్లీ చెప్పాను. తెల్లవారుజామున తలుపు తెరిచాడు. ఆ పొద్దున్నే ఆయన్ని ఒప్పించి తుపాకీ పోలీస్ స్టేషన్లో జమ చేయించాం. అక్కడినుంచి నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాం.

సోదరులారా, ఇది గుర్తుంచుకోండి. ఇలాంటి మనిషికి అవమానం జరిగినప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు, భార్య వెళ్లిపోయినప్పుడు ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం ఉంది. ‘వాడికి అంత పొగరు, వాడేం చేసుకుంటాడు’ అనుకోకండి. మనలో చాలామందికి గన్‌మాన్ ఉద్యోగాలు, ఇళ్లలో ఆయుధాలు ఉన్నాయి. మొదట చేయవలసిన పని ఆయుధాన్ని ఇంట్లోనుంచి బయటికి పంపడం.

ఇక చికిత్స. ఈ రుగ్మతను మాన్పే మాత్ర అంటూ ఏదీ లేదు. దీనితో పాటు వచ్చే దిగులుకు, ఆందోళనకు, తాగుడుకు మందులున్నాయి, అవి వాడాలి. అసలు చికిత్స సైకోథెరపీ, అంటే పద్ధతి ప్రకారం మాటలతో చేసే వైద్యం. చిక్కేమిటంటే, “నాకు గర్వం ఎక్కువైంది, తగ్గించండి” అని ఎవడూ రాడు. నిద్ర పట్టలేదని వస్తాడు, భార్య తెస్తే వస్తాడు. మధ్యలో మానేసేవాళ్లూ ఎక్కువే.

ఎలా చేయాలనే దానిమీద పెద్ద పెద్ద డాక్టర్లే వాదించుకున్నారు. ఇద్దరి పేర్లు చెబుతాను. ఇద్దరూ వియన్నాలో పుట్టి అమెరికాలో పనిచేసినవాళ్లే. హైంజ్ కోహుట్ 1971లో తన పుస్తకంలో ఏమన్నాడంటే, ఈ మనిషికి చిన్నప్పుడు అందవలసిన మెచ్చుకోలు, ఆసరా సరిగ్గా అందలేదు, కాబట్టి ముందు అతని మనసులోకి వెళ్లి అర్థం చేసుకోవాలి అని. ఓట్టో కెర్న్‌బర్గ్ 1975లో తన పుస్తకంలో, అర్థం చేసుకోవడం ఒక్కటే చాలదు, ఆ గొప్ప వెనకాల దాగిన కోపాన్ని, అసూయను కూడా అతనికి చూపించాలి అన్నాడు. తరువాత జెఫ్రీ యంగ్ అనే ఆయన స్కీమా థెరపీ తెచ్చాడు. బయట గొప్పలు చెప్పేవాడి లోపల ఒంటరి పిల్లవాడున్నాడు, వాడిని కలవాలి అంటాడు. నాకర్థమైనంతవరకు మూడింటి సారం ఒక్కటే: సెల్యూట్ కొట్టి గోడను ఇంకా ఎత్తు చేయకూడదు, ఎగతాళి చేసి గోడను పగలగొట్టకూడదు. గౌరవం తగ్గకుండా నిజం చెప్పాలి. పెళ్లి విందులో నేను నిజమే చెప్పాను. గౌరవం లేకుండా చెప్పాను.

సైకియాట్రిస్టు రెండు మూడుసార్లు చూసి, దిగులుకు మందు రాసి, ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడకు ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. అన్న మొదటి రోజే, “మా అమ్మాయి వయసు పిల్ల నాకేం చెబుతుంది” అన్నాడు. ఆ మాట ఆవిడ ముందే అన్నాడు. ఆవిడ కోప్పడలేదు, నొచ్చుకోలేదు. “మీ అనుభవం నాకు లేదు సుబేదార్ గారూ. మీకు నిద్ర ఎందుకు పట్టడం లేదో ఇద్దరం కలిసి చూద్దామా?” అన్నారట. జబ్బు పేరుతో మొదలుపెట్టలేదు, ఆయన తెచ్చిన బాధతో మొదలుపెట్టారు.

రెండోది, నియమాలు. వారానికొకసారి, ముప్పావు గంట. టైమూ ఫీజూ అందరికీ ఎంతో ఈయనకూ అంతే. అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లి నన్ను ముందు చూడండి అంటే చూడలేదు. అరిస్తే, “ఇవాళ్టికి ఆపుదాం, వచ్చేవారం ఇదే టైముకు మీ కోసం ఉంటాను” అని ఆపేశారు. మనకు ఇది కొత్త కాదు. నియమం కఠినంగా, మనిషి మెత్తగా ఉండడం మంచి ఉస్తాద్ దగ్గర మనమందరం చూసిందే.

ఆరో నెలలో ఒకరోజు ఆవిడ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. అన్న లేచి వచ్చేశాడు. మూడు వారాలు వెళ్లలేదు. ఆవిడే ఫోన్ చేసి, “ఆలస్యం నాది, తప్పు నాదే. ఆ పది నిమిషాలూ బయట కూర్చున్నప్పుడు మీకెలా అనిపించిందో వినాలని ఉంది” అన్నారు. వెళ్లాడు. మొదట తిట్టాడు. తిట్టి తిట్టి, ఉన్నట్టుండి వాకిట్లో నిలబడ్డ ఆ రాత్రి సంగతి చెప్పాడు. లోపల్నుంచి అన్నం వాసన రావడం, తమ్ముళ్ల నవ్వులు వినపడడం. యాభై ఏళ్లు దాటిన మనిషి ఆ రోజు మొదటిసారి ఇంకొకరి ముందు ఏడ్చాడు. ఈ చికిత్సలో కోపతాపాలు అడ్డంకి కాదు, అవే దారి. థెరపిస్టు మీద వచ్చిన కోపం తెగిపోకుండా మాటల్లోకి వస్తే అక్కడే మార్పు మొదలవుతుంది.

మరొక పద్ధతి ఖాళీ కుర్చీ. ఎదురుగా ఒక కుర్చీ వేసి, అందులో కూర్చుని మీ భార్యగా మాట్లాడండి అంటారు. ఆపరేషన్ రోజు గురించి వదినగా మాట్లాడమన్నారట. “నాకు నొప్పిగా ఉంది” అని మొదలుపెట్టి, “ఆయన... ఆయన...” అని ఆగిపోయాడట. మిగతా టైమంతా మౌనమే. ఇంటికొచ్చి వదినను అడిగాడు, “ఆరోజు నీకు బాగా నొప్పేసిందా?” అని. నాలుగేళ్ల తరువాత అడిగిన ప్రశ్న. వదిన నాతో ఏమందంటే, “సంతోషం వేయలేదు తమ్ముడూ, ఇన్నాళ్లకా అని కోపం వచ్చింది.” ఆ కోపం న్యాయమైనదే.

గోడ పలచబడేకొద్దీ దిగులు పెరుగుతుంది, ఇది ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి. తాను చేసింది కనపడడం మొదలైతే మనిషి కుంగిపోతాడు. రెండో ఏడాది అన్న అలా కుంగినప్పుడు డాక్టర్లు మందు మార్చి, వారానికి రెండుసార్లు చూశారు. మధ్యలో రెండుసార్లు మానేసి మళ్లీ వెళ్లాడు. మూడేళ్లు దాటాక ఇప్పుడు నెలకొకసారి వెళుతున్నాడు. పూర్తిగా మారిపోయాడా? లేదు. ఇప్పటికీ మాట తగిలితే ముఖం మాడుతుంది. మునుపు వారం రోజులు ఇల్లు దద్దరిల్లేది, ఇప్పుడు గంట బయట తిరిగి వచ్చి “ఇందాక ఎక్కువ మాట్లాడాను” అంటాడు. కొడుకు ఇంకా ఫోన్ చేయడం లేదు. ఆ అప్పు తీరడానికి ఎన్నాళ్లు పడుతుందో!

అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఇది జబ్బని తెలుసుకోవడం అంటే అన్నీ భరించమని కాదు. “మీరు అరుస్తుంటే నేను మాట్లాడను, తగ్గాక మాట్లాడతాను” అని చెప్పండి, చెప్పినట్టే చేయండి. డబ్బు కాగితాలు మీ చేతిలో ఉంచుకోండి. చెయ్యి చేసుకుంటే అది జబ్బు పేరుతో మాఫీ అయ్యేది కాదు. 2005 నాటి గృహహింస చట్టం ఉంది, 181 నంబరు ఉంది, ప్రమాదంలో 112 ఉంది. ఆయన వెళ్లకపోయినా మీరు మీకోసం కౌన్సెలర్ దగ్గరికి వెళ్లవచ్చు. వదిన అలాగే వెళ్లింది. వదిన నిలదొక్కుకున్నాకే అన్న కూడా దారికొచ్చాడని నా నమ్మకం.

సోదరులకు ఒక మాట. సర్వీసులో ఉన్నప్పుడు సిక్ రిపోర్ట్ చేస్తే కేటగిరీ పడుతుందని భయపడేవాళ్లం. పెన్షన్ వచ్చాక ఎవరికి భయం? ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌లో చెప్పి సైకియాట్రీకి రిఫరల్ అడగండి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇక్కడే రాసుకోండి. మరీ మరీ చెబుతున్నాను, మీ మిత్రుడిలో ఈ లక్షణాలు కనపడితే నలుగురిలో అనకండి. ఒంటరిగా, టీ దగ్గర, “అన్నా, నిద్ర పడుతోందా?” అని మొదలుపెట్టండి.

చివరిగా ఒకటి చెప్పి ముగిస్తాను. పోయిన సంక్రాంతికి అన్న ఇంటికి భోజనానికి వెళ్లాను. మనవరాలు, “తాతా, యుద్ధంలో నువ్వేం చేశావు?” అని అడిగింది. నాకు గుండె దడదడలాడింది. అన్న నావైపు ఒకసారి చూశాడు. తరువాత చెప్పాడు. “నేను లారీ తోలానమ్మా. శ్రీనగర్ నుంచి కార్గిల్ పోయే రోడ్డు మీద, ద్రాస్ దగ్గర అవతలివాళ్ల గుళ్లు పడేవి. లైట్లు ఆర్పేసి రాత్రిపూట వెళ్లేవాళ్లం. పైన కొండ మీద ఉన్నవాళ్లకి తిండి, మందుగుండు చేరాలి కదా. నాకు చాలా భయమేసింది. ఒకసారి స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను కూడా. అయినా బండి ఆపలేదు.”

ఇరవై ఏళ్లకు పైగా ఆయనను ఎరుగుదును. ఈ కథ ఎప్పుడూ వినలేదు. టైగర్ హిల్ కథకన్నా ఇది పెద్దది. ఇది తన దగ్గర ఉండి కూడా, ఇది చాలదనుకుని ఇన్నేళ్లూ ఇంకొకరి కథ మోశాడు. పాప అడిగింది, “మరి తరువాత?” అని. అన్న అన్నాడు, “తరువాత లోడు దించి, మళ్లీ వెనక్కి వచ్చి, ఇంకో లోడు వేసుకున్నాను.”

నేను లేచి, అందరి ముందూ, ఆయనకు సెల్యూట్ చేశాను. ఆ పెళ్లి విందులో బాకీ పడ్డ సెల్యూట్ అది.